నాదమునకు నిండుదనము

కచేరీకి ముందు మార్దంగికుడు చేయు పని యొకటి కలదు. అతడు గోధుమరవ్వను నీటితో ముద్దగా కలిపి, మృదంగపు ఎడమవైపు మూత నడుమ అంటించును. కచేరి ముగియగనే దానిని గీచివేయును. ఆ ముద్ద లేక కొట్టినచో ఎడమచేతి క్రింద వినబడునది ఎండుతోలు చప్పుడు మాత్రమే. ముద్ద అంటిన పిమ్మట అదే తోలు బరువెక్కి, మెల్లగా కదలుచు, గుహలోనుండి వచ్చినట్టి గంభీరనాదము నిచ్చును. కుడిమూత నడుమనుండు నల్లని కరణి చేయు పని వేరు. దాని రహస్యమును సి.వి. రామన్ పండితుడు శివకాళీ కుమారుతో కలిసి పరిశోధించి 1920లో 'నేచర్' పత్రికలో ప్రకటించెను. రవ్వముద్దకు అంతటి కీర్తి దక్కలేదు. కాని, వినువానికి నాదము నిండుగా నున్నదని తోచుటలో దాని పాలు తక్కువది కాదు.

ఇండ్లలో సంగీతము వినిపించు స్టీరియో యంత్రములలో తరచుగా లోపించునది ఈ నిండుదనమే. ఇట్టి యిల్లొకటి కలదనుకొనుడు. తాతగారు కొన్న రికార్డు ప్లేయరు, ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు ఆ యింట నున్నవి. సంక్రాంతికి గోడలకు సున్నము వేయించునపుడు వానిని విప్పి వేరొక గదిలో పెట్టిరి. పని ముగిసిన పిమ్మట మరల తెచ్చి అమర్చిరి. ఆ సాయంకాలము రికార్డు పెట్టగనే తాతగారు మొగము చిట్లించి, “ఇది మృదంగము కాదురా నాయనా, రేకుడబ్బా!” అనిరి. ఆయన కుమారుడు ఆంప్లిఫయరు శక్తి ఉడిగినదని తలచి, రెట్టింపు శక్తిగల క్రొత్తదానిని తెచ్చెను. డబ్బా చప్పుడు పెద్దదైనది గాని మృదంగము రాలేదు. ఇప్పుడాయన స్పీకరు పెట్టెలను పాతసామానుల వర్తకునికి వేసి, కూతురి పైచదువునకు దాచిన సొమ్ములో కొంత తీసి, క్రొత్తవి కొనవలయునని ఆలోచించుచున్నాడు. ఆ సొమ్ము ముట్టవలయునా, అక్కరలేదా యన్నది తేలవలెనన్న, నాదము ఎక్కడ సన్నగిల్లినదో ముందు కనుగొనవలయును.

ధ్వని యనగా గాలిలో పుట్టు ప్రకంపనము. సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల ప్రకంపనములు పడుచువారి చెవికి వినబడును. వయస్సు పైబడిన కొలది పై అంచు తగ్గిపోవును. సెకనుకు ఒక ప్రకంపనము ఒక హెర్ట్జు. గాయకుడు ఒకటి శ్రుతిలో పాడునపుడు వెనుక మ్రోగు తంబురాలోని మంద్రషడ్జము సుమారు 65 హెర్ట్జులు. ఈలపాట, తాళముల గలగల, సకారము పలుకునపుడు వచ్చు బుసధ్వని వేలకొలది హెర్ట్జులు. క్రింది ధ్వనులు చాలినంతగా వచ్చి, పై ధ్వనులు మితిమీరకయున్నచో ఆ నాదమును ఆంగ్లేయులు వెచ్చని నాదమందురు; తెలుగువారు పుష్టిగల నాదమందురు. క్రిందివి లోపించినపుడు మిగిలినది పీలగొంతు.

క్రింది ధ్వనులను పుట్టించుట యెందులకు కష్టమో స్పీకరును చూచిన తెలియును. స్పీకరు నడుమ కాగితముతో చేసిన గరాటువంటి భాగ మొకటి యుండును. దానిని కోను అందురు. కోను మొదట సన్నని తీగచుట్ట యొకటి అంటియుండి, అయస్కాంతము నడుమ వ్రేలాడుచుండును. పాటననుసరించి ఆ చుట్టలో విద్యుత్తు ప్రవహింపగా అది ముందునకు, వెనుకకు కదలును. దానితో కోను కదలి గాలిని నెట్టును. ఈ పద్ధతిని వాడుకలోనికి వచ్చునట్లు తీర్చిదిద్దినవారు అమెరికాలోని రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు. వారు దానిని 1925లో ప్రకటించిరి. నేటి స్పీకర్లలో అధికభాగము ఆ బాటనే నడచుచున్నవి. అదే కోనుతో అంతే గట్టిగా వినిపించుచు ఒక స్థాయి దిగవలెనన్న, కోను నాలుగింతలు ఎక్కువగా కదలవలయును. రెండు స్థాయిలు దిగవలెనన్న పదునారింతలు. చిన్న కోను అంత దూరము కదలలేదు. చేతిలో ఇముడు రేడియోలో సన్నాయి చక్కగా పలికి, డోలు చచ్చిపడియుండుటకు కారణ మిదియే.

మరియొక చిక్కు కలదు. కోను ముందునకు జరిగినపుడు ఎదుటి గాలి నొక్కుకొనును. అదే క్షణమున వెనుక గాలి పలుచనగును. పెట్టె లేని స్పీకరును మ్రోగించినచో ముందరి గాలి అంచును చుట్టి వెనుకకు పోయి ఆ లోటును పూడ్చివేయును. క్రింది ధ్వనులు పుట్టినచోటనే చచ్చును. కావున స్పీకరును పెట్టెలో బిగింతురు. అయితే పెట్టెలోని గాలి కోనును అడ్డగించును. పెట్టె చిన్నదైనకొలది అడ్డగింపు ఎక్కువ. అందుచేత 1950 ప్రాంతమున మంచి మంద్రధ్వని కోరినవారు బీరువాలంతటి పెట్టెలను ఇంట పెట్టుకొనవలసి వచ్చెడిది. స్టీరియోకు రెండు పెట్టెలు కావలయును. రెండు బీరువాలు పెట్టిన పిమ్మట మనుష్యులు కూర్చుండుటకు చోటుండవలయును గదా!

ఈ చిక్కును విడదీసినవాడు ఎడ్గార్ విల్చర్. ఆయన కళాశాలలో చదివినది చిత్రకళల చరిత్ర. రెండవ ప్రపంచయుద్ధములో సైన్యమున చేరి విద్యుత్పరికరముల పనిని నేర్చుకొనెను. పిమ్మట న్యూయార్కు విశ్వవిద్యాలయములో ధ్వనిపునరుత్పత్తిని గూర్చి పాఠములు చెప్పెను. ఆనాటి స్పీకర్లలో కోను ఎక్కువగా జరిగినపుడు దానిని మరల స్వస్థానమునకు లాగుటకు చుట్టునున్న అంచు బిగువుగా నుండెడిది. ఆ అంచు సమముగా లాగదు. కొంతదూరము మెత్తగా, ఆపైన మొండిగా లాగును. నాదము చెడుటకు అదియే కారణమని విల్చర్ గ్రహించెను.

సైకిలు పంపు చివరను వ్రేలితో మూసి పిడిని నొక్కి చూడుడు. లోపలి గాలి పిడిని వెనుకకు నెట్టును. గాలి కూడ ఒక స్ప్రింగు. మరియు అది గుడ్డ, కాగితము, రబ్బరుల కంటె సమముగా పనిచేయు స్ప్రింగు. విల్చర్ అంచును మిక్కిలి వదులుచేసి, పెట్టెను గాలి చొరకుండ మూసి, కోనును వెనుకకు లాగు పనిని లోపలి గాలికే అప్పగించెను. అంతవరకు శత్రువనుకొన్న పెట్టెగాలి చుట్టమైనది. మొదటి నమూనాకు అంచుగా వాడినది పరుపులకు కుట్టు గుడ్డ. యుద్ధకాలమున చిత్తునక్షలు గీయు ఉద్యోగము చేసిన ఆయన భార్య రోజ్‌మేరీ ఆ గుడ్డను కత్తిరించుటకు కొలతలు గీచి యిచ్చెను.

ఆ ఊహను కొనుమని అడుగగా పేరుగల సంస్థలు పెదవి విరచినవి. అప్పుడు విల్చర్, హెన్రీ క్లాస్ అను యువకునితో కలిసి 1954లో మసాచుసెట్సు రాష్ట్రమందలి కేంబ్రిడ్జిలో ఒక చిన్న కార్మాగారమును స్థాపించెను. సుమారు రెండడుగుల పొడవుగల వారి పెట్టె, నిలువెత్తు పెట్టెలకంటె శుద్ధమైన మంద్రధ్వని నిచ్చెను. కొంతకాలమునకు ఆ సంస్థవారు ఒక వింత పరీక్షను పెట్టిరి. వేదికపై ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అను నలుగురు వాద్యకారుల బృందము వాయించుచుండును. నడుమనడుమ వారు కమానులను తీగలకు తగులనీయక, వాయించుచున్నట్లు అభినయించెడివారు. అప్పుడు మ్రోగునది స్పీకరు. ఎచ్చట మార్పు జరిగినదో శ్రోతలలో పెక్కురు గుర్తింపలేకపోయిరి. విల్చర్ తరువాతి కాలమున వినికిడి యంత్రములపై పనిచేసి, 1973లో వానిని మెరుగుపరచు పద్ధతిని ప్రకటించి, దానికి పేటెంటు తీసికొనక లోకమునకు వదలివేసెను. స్పీకరులవలన వచ్చిన పేరుకంటె ఈ పని గొప్పదని చెప్పిన తప్పులేదు.

ఇక ఆ యింటికి మరలవచ్చును. కుమారుడు తెచ్చిన రెట్టింపు శక్తిగల ఆంప్లిఫయరు ఎందుకు పనికిరాలేదు? చెవి వాట్లను కూడికల లెక్కన కొలువదు. 50 వాట్లు 100 వాట్లయినచో పెరుగునది 3 డెసిబెల్లులు మాత్రమే. చెవికి అది కొద్దిపాటి భేదము. ధ్వని రెండింతలైనట్లు తోచవలెనన్న సుమారు 10 డెసిబెల్లులు పెరుగవలయును. అనగా 500 వాట్లు కావలయును. పైగా శక్తి పెరిగినపుడు క్రింది ధ్వనులు, పై ధ్వనులు ఒకే పాళమున పెరుగును. లేని మంద్రము పుట్టదు.

వాల్వులుగల పాత ఆంప్లిఫయరుల నాదము మెత్తగా నుండునని వాదించువారు కలరు. అందు కొంత నిజమున్నది. వాల్వులు నాదమునకు తమవిగా కొన్ని ఉపస్వరములను చేర్చును. ముఖ్యముగా మూలస్వరమునకు ఒక స్థాయి పైనుండు ఉపస్వరమును. అది శ్రుతిలో కలిసిపోవునది గనుక చెవికి ఇంపుగా తోచును. నిజమునకు అది కల్తీయే. కాని తీయని కల్తీ. ఇష్టమైనవారు కొనవచ్చును. అసలు మంద్రమే రాని యింట అది అన్నము లేని విస్తరిలో నేతివంటిది.

పాత రికార్డులు వినువారికి సంభవించు పొరపాటొకటి ముఖ్యముగా తెలిసికొనదగినది. రికార్డుపై నాదము ఒక సన్నని గాడిలోని వంకరలుగా చెక్కబడియుండును. మంద్రధ్వనులను ఉన్నవున్నట్లు చెక్కినచో వంకరలు పెద్దవై ప్రక్కగాడిలోనికి చొరబడును. అందుచేత చెక్కునపుడు మంద్రమును తగ్గించి, పై ధ్వనులను పెంచుదురు. మరల వినిపించునపుడు ఆంప్లిఫయరు తగ్గినదానిని పెంచి, పెరిగినదానిని తగ్గింపవలయును. ఎంత పెంచవలయునో, ఎంత తగ్గింపవలయునో 1954లో అమెరికా రికార్డు పరిశ్రమవారు ఒక కొలతగా నిర్ణయించిరి. 20 హెర్ట్జుల వద్ద పెంపు దాదాపు 19 డెసిబెల్లులు. ఈ దిద్దుబాటు ఆంప్లిఫయరు వెనుక 'ఫోనో' అని వ్రాసిన రంధ్రములందు మాత్రమే జరుగును. రికార్డు ప్లేయరు తీగను వేరొక రంధ్రమున గ్రుచ్చినచో ధ్వని మిక్కిలి సన్నగా, కీచుగా వచ్చును. కొన్ని ప్లేయరులలో ఈ దిద్దుబాటు లోపలనే జరుగును. వానికి ఫోనో రంధ్రము పనికిరాదు. ఆ యింట తీగ సరియైన చోటనే యున్నది. కావున దోషము ఇంకను ముందుకు పోయి వెదకవలయును.

స్టీరియో యనగా రెండు చెవులకు రెండు మార్గములు. ఆలన్ బ్లమ్‌లైన్ అను ఆంగ్ల ఇంజనీరు 1931లోనే దీనికి పేటెంటు కోరెను. స్టీరియో రికార్డులు అంగడికి వచ్చినది 1958 ప్రాంతమున. రెండు స్పీకరులు ఒకే మంద్రస్వరమును పలుకునపుడు రెండు కోనులు ఒకేసారి ముందునకు, ఒకేసారి వెనుకకు జరుగవలయును. ప్రతి స్పీకరుకు రెండేసి తీగలు; ఒకటి ఎరుపు కొనకు, ఒకటి నలుపు కొనకు. ఒక పెట్టెలో అవి తారుమారైనచో ఒక కోను నెట్టినప్పుడు రెండవది లాగును. ఇద్దరు మనుష్యులు ఒకే తలుపును ఇరువైపులనుండి త్రోసినట్లగును. పై ధ్వనుల అలలు చిన్నవి. వానికి ఇది అంతగా అంటదు. 65 హెర్ట్జుల అల పొడవు ఐదు మీటర్లకు పైగా నుండును. రెండు పెట్టెల నడుమ దూరము దాని ముందు లెక్కలోనిది కాదు. అందుచేత మంద్రములు ఒకదానినొకటి చంపుకొనును. ఒక్క కాసు ఖర్చులేక సంగీతమును రేకుడబ్బాగా మార్చు ఉపాయము ఇంతకంటె లేదు.

దీనిని కనిపెట్టుటయు సులభమే. యంత్రము నాపి, స్పీకరు తీగలను ఆంప్లిఫయరునుండి విప్పి, పెట్టెకు ముందున్న గుడ్డచట్రమును తీయవలయును. టార్చిలైటులో వేయు 1.5 వోల్టుల బ్యాటరీ నొకదానిని తెచ్చి, దాని ధనధ్రువమును ఎరుపుకొనకు చేరవలసిన తీగకు, ఋణధ్రువమును నలుపుకొనకు చేరవలసిన తీగకు ఒక్క క్షణము మాత్రము తాకింపవలయును. పెద్ద కోను ముందునకు జరిగినచో సరి. వెనుకకు జరిగినచో తీగలు మారినవన్నమాట. ఆ యింటి పిల్ల పుస్తకములో చదివి ఈ పని చేయగా, “నాన్నగారూ, ఒకటి బయటికి వచ్చుచున్నది, రెండవది లోపలికి పోవుచున్నది!” అని కేక వేసెను. సున్నము వేయించిన నాడు తొందరలో జరిగిన పొరపాటది. తండ్రి తీగలు మార్చెను. మృదంగము సగము తిరిగివచ్చినది.

మిగిలిన సగమునకు కారణము గుడ్డచట్రము తీసినపుడే కంటబడినది. కుడివైపు పెట్టెలో కోనుచుట్టునున్న అంచు ఎండిన అప్పడమువలె చిట్లియున్నది. 1970 తరువాత పెక్కు స్పీకరులకు అంచుగా నురుగురబ్బరును వాడిరి. వేడికి, తేమకు అది కొన్ని యేండ్లలో పొడియై రాలును. కోస్తా ఊళ్ళలోని ఉక్క దానికి మరింత పగ. అంచు చిట్లినచో మూసియున్న పెట్టెలోని గాలి బయటికి పోవును. విల్చర్ కనుగొన్న గాలిస్ప్రింగు నశించును. కోను, అయస్కాంతము, పెట్టె అన్నియు బాగుగనే యుండగా, అంచు పోయినదని స్పీకరునే పారవేయుట, చెప్పు వారు తెగినదని జోడు పారవేయుటవంటిది. క్రొత్త అంచును తెచ్చి జిగురుతో అతికించు మరమ్మతుదారులు నగరములలో కలరు. క్రొత్త పెట్టెల వెలతో పోల్చిన ఆ కూలి స్వల్పము.

పెట్టెలు, తీగలు సరియైన పిమ్మట మిగులునది గది. గదియు వాద్యములో ఒక భాగమే. బొబ్బిలి వీణకు పనసకుండ ఎట్టిదో స్పీకరుకు గది అట్టిది. పెట్టెను గోడకు దగ్గరగా జరిపినచో క్రింది ధ్వనులకు బలము వచ్చును. మూలకు చేర్చినచో ఇంకను పెరుగును. మితిమీరినచో నిండుదనము పోయి డొల్లమోత మిగులును. ఒక జాన ముందునకు, ఒక జాన వెనుకకు జరిపి, తెలిసిన పాటతో పరీక్షించుటకంటె మంచి పద్ధతి లేదు. వినువాడు కూర్చుండు చోటును అట్లే వెదకవలయును. గది పొడవు 4.3 మీటర్లయినచో 40 హెర్ట్జుల స్వరము ఆ రెండు గోడల నడుమ నిలిచి ఊగును. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవునని తెలిసినవారు ఈ లెక్కను తామే సరిచూచుకొనవచ్చును. ఆ స్వరము గోడల చెంత మిక్కిలి బలముగా, గది నట్టనడుమ మిక్కిలి బలహీనముగా వినబడును. తాతగారి వాలుకుర్చీ వేసినది సరిగా ఆ నట్టనడుమనే!

సిమెంటు గోడలు, బండల నేల గల గదిలో పై ధ్వనులు అద్దముపై వెలుగువలె ఎగిరెగిరిపడి నాదమును కీచుగా చేయును. జంపకానా, దూదిపరుపు, పుస్తకముల బీరువా వానిని త్రాగివేయును. అయితే పరదాలు మంద్రపు డొల్లమోతను తగ్గించునని యనుకొనరాదు. మీటర్ల పొడవుగల అలకు పలుచని గుడ్డ సాలెగూటితో సమానము.

చెవి చేయు మోసమొకటి యున్నది. ఫ్లెచర్, మన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1933లో ప్రకటించిన పరిశోధనలో, ధ్వని తగ్గినకొలది చెవి మంద్రములను మరింతగా వినజాలదని తేలినది. రాత్రివేళ ఇరుగుపొరుగు వారి నిద్ర చెడకుండ మెల్లగా పెట్టినపుడు పాట పీలగా తోచుటకు యంత్రము బాధ్యురాలు కాదు. అట్టి సమయమునకే ఆంప్లిఫయరుపై మంద్రమును పెంచు మరయుండును. ఆంగ్లేయుడైన పీటర్ బాక్సాండల్ 1952లో ప్రకటించిన సర్క్యూటు ఈ మరలకు మాతృకయైనది. దానిని కొంచెము త్రిప్పుట తప్పుకాదు. పూర్తిగా త్రిప్పి 10 డెసిబెల్లులు పెంచినచో ఆ స్వరములకు పదింతల శక్తి కావలయును; కోను హద్దుమీరి కొట్టుకొనును. ఇక వేలరూపాయల వెలగల స్పీకరు తీగల మాట. తగినంత లావుగల మామూలు రాగితీగ ఇంటికి చాలును. అంతకుమించి పెట్టినది నాదమునకు కాదు, తీగపై తొడుగునకు.

ఆ యింట కుడిపెట్టెకు క్రొత్త అంచు వచ్చినది. రెండింటికిని ఒకే ఈడు గనుక ఎడమదానికి కూడ వేయించిరి. వాలుకుర్చీ నాలుగడుగులు వెనుకకు జరిగినది. నేలపై జంపకానా పడినది. మిగిలిన చిల్లరతో అరిగిన ముల్లును తీసి క్రొత్త ముల్లు వేసిరి. అరిగిన ముల్లు నాదమును చెరుచుటయే గాక రికార్డును కూడ కోయును. పిల్ల చదువునకు దాచిన సొమ్ము తపాలాఫీసులోనే యున్నది. సాయంకాలము మరల అదే రికార్డు పెట్టిరి. తాతగారు కన్నులు మూసికొని ఒక ఆవర్తము విని, “ఎడమచేయి వచ్చినది” అనిరి. ఇంకొక ఆవర్తమైన పిమ్మట కన్ను తెరచి, “ఆ కిటికీ మూయవే తల్లీ, బజారు కూడ తాళము వేయుచున్నది” అనిరి.